ఏడడుగుల వంటగది: పని డైరీ

నవంబర్ 9, ఆదివారం

పొద్దున్న కాఫీలవగానే టేపు పట్టుకున్నాం. అడ్డం ఏడడుగులు, నిలువు పదమూడు. "పెళ్లినాడు వేసిన ఏడడుగులే ఇరవై రెండేళ్లుగా ఈ గదిలో వేస్తున్నాను" అన్నాను. మా ఆయన టేపు మళ్లీ లాగి చూసి, "కాదు, ఆరడుగుల పదకొండున్నర అంగుళాలు" అన్నారు. ఒకచోట ప్లాస్టరు ఉబ్బింది మరి.

ఒడిశాలోని పాత బరంపురంలో మా వీధి ఇళ్లన్నీ ఇంతే. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు. అటు ఇంటికీ ఇటు ఇంటికీ మనకీ ఒకటే గోడ, కాబట్టి పక్కలకి కిటికీ మాటే లేదు. వెలుతురు వస్తే వీధి నుంచి రావాలి, లేదా పెరటి నుంచి. వంటగది చివరి పెట్టె. తూర్పు గోడకి ఉత్తరం కొసన పెరటి తలుపు, దాని పక్కన మూడడుగుల కిటికీ.

ఇప్పుడున్నది చెప్పాలంటే: దక్షిణపు గోడకి అయిదడుగుల గట్టు, దాని మీద పొయ్యి, కింద అత్తయ్య జాడీలు. తలుపు పక్కన నేల మీదే అంట్ల తొట్టి. ఫ్రిజ్జూ బియ్యం డబ్బా మధ్యగదిలో. గట్టు రాయి అడ్డంగా చీలింది, గూటి చెక్కకి చెద పట్టింది. ఇంక తప్పదని పనికి దిగాం.

కార్తీకం వెళ్లేదాకా గట్టు మీద సుత్తి పడకూడదని అత్తయ్య మాట. వడ్రంగి ఒడియా అతను. వాళ్ల కార్తీకం పున్నమితోనే అయిపోయింది, మర్నాడు నెల నియమం విడిచి నీసు తినే ఛాడఖాయి కూడా చేసేసుకున్నాడు. మనకింకా అమావాస్య దాకా ఉంది. ఒకే వీధిలో రెండు కార్తీకాలు. పదకొండు రోజులు ఆలోచించుకోవడానికి దొరికాయనుకున్నాను.

నవంబర్ 11, మంగళవారం

ఒక మాడ్యులర్ షోరూమ్‌కి వెళ్లాం. కంప్యూటర్లో అరగంటలో బొమ్మ గీసేశాడు అబ్బాయి. మూడు గోడలకీ గట్టు, అంతా తెల్లగా మెరుస్తోంది, బొమ్మలో ఒక ఆకుపచ్చ ఆపిల్ కూడా ఉంది. "పెరటి తలుపేది బాబూ?" అంటే "దాన్ని మూసేయొచ్చు మేడమ్" అన్నాడు. మా ఇంట్లో అప్పడాలెండేది పెరట్లో, తులసికోట పెరట్లో, బోరు పెరట్లో. ఆ తలుపు మూస్తే ఇల్లు మూసినట్టే.

బోర్డేమిటని అడిగాను. పార్టికల్ బోర్డు, పైన లామినేటు. మాకు గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్లు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు నేల మీద నిలిచిన జానెడు నీళ్లకే మా టీవీ స్టాండు కాళ్లు బూరెల్లా పొంగాయి. అది కూడా ఇదే బోర్డు. పైగా కొటేషన్‌లో పెట్టెకి ఒకసారి, దాని తలుపుకి ఒకసారి, రెండు సార్లు చదరపు అడుగులు లెక్కేశాడు. దండం పెట్టి వచ్చేశాం.

నిర్ణయం ఒకటి: అడుగు పెట్టెలన్నిటికీ కడప బండ అడ్డాలు, నేల నుంచి రాయే. తలుపులూ సొరుగులూ మాత్రం ప్లైవుడ్, అది కూడా నీళ్లకి తట్టుకునే రకం, ఐఎస్ 710 అని ముద్ర ఉన్నదే. మేం వంటగది నేల బకెట్టు నీళ్లు పోసి కడుగుతాం. ఆ అలవాటు మారదు, కాబట్టి నేలకి చెక్క తగలకూడదు.

నవంబర్ 16, ఆదివారం

మూడు రోజులు లెక్క రాశాను. గోడకి కాగితం అంటించి, గట్టు దగ్గర నుంచి ఎటు కదిలితే అటు ఒక గీత. నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం. అత్తయ్య తన వంతు గీతలు బొగ్గుతో గీశారు.

పొయ్యికీ నీళ్లకీ మధ్య తిరుగుడే ఎక్కువనుకున్నాను. కాదు. రోజుకి ముప్పై ఏడు సార్లు మధ్యగదికి వెళ్తున్నాం, పాలకీ పెరుగుకీ బియ్యానికీ కూరలకీ. పెరట్లోకి ఇరవై తొమ్మిది. గట్టు కిందికి వంగడం పద్దెనిమిది, అందులో సగం జాడీ కోసం కాదు, జాడీ వెనక నక్కిన డబ్బా కోసం. అటక ఎక్కింది మొత్తం మూడు రోజుల్లో ఒక్కసారి.

పొయ్యి, సింకు, ఫ్రిజ్జు మూడూ త్రికోణంలా ఉండాలి, ఒక్కో భుజం నాలుగు నుంచి తొమ్మిది అడుగులు అని వంటగదుల లెక్క ఒకటుంది. మా త్రికోణంలో ఒక మూల అసలు వేరే గదిలో ఉంది.

చిన్న వంటగదుల గురించి ఎక్కడ చదివినా ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ ఎదురవుతుంది. 1926లో ఆస్ట్రియాకి చెందిన మార్గరెటె షుటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడుగు 3.4. అంటే మా దానికన్నా ఇరుకు. రైలు భోజన పెట్టెలోని వంటగదిని చూసి, ఎన్ని అడుగులు వేస్తున్నారో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేసి గీసిందట. పప్పులూ పంచదారా పోసుకోడానికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు కూడా. నాకు భలే నచ్చింది. ఒకటే చిక్కు, అది ఒక మనిషి కోసం గీసిన గది. మా ఇంట్లో ఉదయం ఎనిమిదికి ఇద్దరు ఆడవాళ్లు వంటలో, మూడో మనిషి మంచినీళ్ల కోసం గుమ్మంలో. కాబట్టి మధ్యలో దారి ముందు, పెట్టెలు తరవాత.

ఫ్రిజ్జుకి దక్షిణపు గోడ పడమటి కొస, గుమ్మం పక్కనే. నీళ్లు కావాల్సిన వాళ్లు లోపలికి రాకుండానే తీసుకుని పోతారు.

నవంబర్ 17, సోమవారం

సామాను కొలిచాను. ఇది ముందే చేయాల్సింది. పప్పుల డబ్బాల్లో అన్నిటికన్నా లావుది పదకొండు అంగుళాలు. మరి రెండడుగుల లోతు అరలెందుకు? ముందు వరస కనిపిస్తుంది, వెనక వరస చీకట్లో పురుగు పడుతుంది. కిందటేడు వెనక వరసలో దొరికిన బొంబాయి రవ్వ ఏ పండక్కి తెచ్చిందో ఎవరికీ గుర్తు లేదు.

ఉత్తరపు గోడకి గట్టు వద్దు. కేవలం పద్నాలుగు అంగుళాల లోతుతో అరలు, నేల నుంచి ఆరడుగుల దాకా. ఒక్క వరస డబ్బాలు, తలుపు తీస్తే అన్నీ ఎదురుగా. గట్టు రెండడుగులు, ఇవి పద్నాలుగు అంగుళాలు పోను మధ్యలో మూడూ ముప్పావు అడుగుల దారి మిగులుతుంది. నేను వేడి కుక్కరు దించుతుంటే అత్తయ్య వెనక నుంచి వెళ్లిపోవచ్చు. పెరటి తలుపు దగ్గర మూడడుగులు మాత్రం అరలు వేయం, అక్కడ తలుపు తెరుచుకోవాలి, బిందెలు నిలవాలి.

ఇక జాడీలు. ఏడు. పెద్దది ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, పొట్ట దగ్గర పదమూడు, నిండుగా ఉంటే నేనొక్కదాన్నీ ఎత్తలేను. బరంపురం అంటే బయటి ఊళ్లవాళ్లకి పట్టుచీరల తరవాత ఊరగాయలూ అప్పడాలే గుర్తొస్తాయి కదా, మా ఇంట్లో రెండూ అమ్మకానికి కాకపోయినా ఆ స్థాయిలోనే ఉంటాయి. షోరూమ్ బొమ్మలో ఆపిల్‌కి చోటుంది, ఆవకాయకి లేదు. జాడీలకి ఉత్తరపు అరల అడుగు వరస, నేల నుంచి నాలుగంగుళాల ఎత్తున రాతి బండ మీద. వాటికి తలుపు లేదు. చెమ్మ పట్టకూడదు, గాలాడాలి.

"పై అర ఎంత ఎత్తులో ఉంటాదే? నన్ను నిచ్చెనెక్కమంటావేటి?" అన్నారు అత్తయ్య. ఆవిడ నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. గోడకి నిలబెట్టి చెయ్యి చాపమన్నాను, సుఖంగా అందిన చోట పెన్సిల్ గీత పెట్టాను. ఆ గీత పైన రోజువారీ వస్తువేదీ ఉండదు. కొవ్వొత్తులు, టార్చి, స్టవ్ అగ్గిపెట్టెల కట్ట, తుఫాను రోజుల కోసం ఉంచే అటుకులూ బెల్లం, అవే పైన. ఫైలిన్ అప్పుడు మా వీధికి వారం పైనే కరెంటు లేదు. ఆ డబ్బా మేం ఖాళీగా ఉంచం.

నవంబర్ 20, అమావాస్య

ముగ్గుపిండితో నేల మీద నక్షా వేశాను. గట్టు అంచు ఒక గీత, అరల అంచు ఒక గీత. గట్టుకి బదులు పట్టుచీరల అట్టపెట్టెలు పేర్చాం, పక్కింటి మగ్గాల వాళ్లిచ్చారు. కాగితం మీద తెలియనిది పది నిమిషాల్లో తెలిసింది: ఫ్రిజ్జు తలుపు పూర్తిగా తెరుచుకుంటే గుమ్మంలో మనిషి ఆగిపోతాడు. తలుపు బిజాగరీలు రెండో వైపుకి మార్పించాలి. మా ఫ్రిజ్జుకి ఆ వీలుంది.

అసలు గొడవ పొయ్యి దగ్గర. ఆగ్నేయ మూల, తూర్పు ముఖంగా వండాలి అంటారు అత్తయ్య. అంటే కిటికీ కింద పొయ్యి. నాకు కిటికీ కింద సింకు కావాలి, వెలుతురుకి వెలుతురు, డ్రైనేజీ పైపు కూడా గోడ అవతలే. వాదన పెట్టుకోలేదు. కిటికీ కింద బల్ల వేసి, పొయ్యి దాని మీదికి మార్చాను. "రెండు రోజులు ఇక్కడే వండుదాం అత్తయ్యా, చూద్దాం."

నవంబర్ 22, శనివారం

రెండో రోజు పొద్దున్న అత్తయ్యే అన్నారు, "ఈ గాలికి మంట నిలబడదేంటే, పాలు కాగడానికి పావుగంట పట్టింది." పెరటి వైపు గాలి సముద్రం మీదిది. కిటికీ మూస్తే పొగ, తీస్తే మంట రెపరెప. వేసవిలో ఇంకా ఎక్కువ.

పొయ్యి దక్షిణపు గోడకి, తూర్పు మూల నుంచి మూడడుగుల దూరంలో. ఆగ్నేయమే. ముఖం మాత్రం దక్షిణానికి తిరుగుతుంది. ఆవిడ కాసేపాలోచించి, "పాలు పొంగించిన రోజు తూర్పుకి తిరిగి నిల్చుంటాను, చాల్లే" అన్నారు. ఈ ఒక్క దాని మీదే నాకు ఎక్కువ టెన్షన్ ఉండేది.

నవంబర్ 23, ఆదివారం

పాత గట్టు పగలగొట్టారు. మధ్యగదిలో తాత్కాలిక వంట. దుమ్ము గురించి రాయను.

నవంబర్ 27, లక్ష్మివారం

మార్గశిర లక్ష్మివారం. తాపీ మేస్త్రి ఇంట్లో మాణబసా, అంటే ఒడియా వాళ్ల లక్ష్మీ పూజ, మధ్యాహ్నం దాకా రాలేదు. మా ఇంట్లోనూ పూజే. సిమెంటుకి డబ్బులివ్వబోతే "లక్ష్మివారం పూట బయటికివ్వకూడదు" అని అత్తయ్య ఆపేశారు. ఫోన్లో పంపడం ఇవ్వడం కిందికి వస్తుందా రాదా అని మా ఆయన అడిగారు. జవాబు రాలేదు.

ఖాళీ దొరికింది కదా అని గట్టు ఎత్తు తేల్చాం. చెయ్యి మడిచి మోచేతి ఎత్తు కొలవాలి, అందులోంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే కోసుకోడానికీ కలపడానికీ సరైన ఎత్తు. నా మోచెయ్యి ముప్పై తొమ్మిది, అత్తయ్యది ముప్పై అయిదున్నర. అందరూ కట్టే ముప్పై నాలుగు నాకు సరిపోతుంది. కానీ పొయ్యి తానే నాలుగంగుళాలుంటుంది, దాని మీద కుక్కరు. ముప్పై నాలుగు గట్టు మీద కుక్కరు మూత అత్తయ్య గడ్డానికొస్తుంది. సింకు లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. తొట్టి అడుగు గట్టుకన్నా ఎనిమిదంగుళాలు లోతు కాబట్టి గట్టు పొట్టిదైతే నడుం పోతుంది.

అందుకని సింకు వైపు ఎత్తు ఎక్కువ, పొయ్యి వైపు తక్కువ. అత్తయ్య ముప్పై అన్నారు. నేను ముప్పై మూడన్నాను. అప్పుడు సిలిండరు గుర్తొచ్చింది. పద్నాలుగు కేజీల రెండు వందల గ్రాముల మామూలు సిలిండరు, రెగ్యులేటరుతో కలిపి మా టేపుకి ఇరవై ఏడున్నర అంగుళాలు. పైన రాయి మందం ముప్పావు. ముప్పై అంగుళాల గట్టు కింద చెయ్యి దూర్చి రెగ్యులేటరు ఆపడానికి రెండంగుళాలు కూడా మిగలదు. ముప్పై రెండు పెడితే మూడూ ముప్పావు. ఎత్తు ఖాయం చేసింది నేనూ కాదు, ఆవిడా కాదు, సిలిండరు.

రెండంగుళాల మెట్టు వస్తుంది. గిన్నె జరుపుకుంటూ పోలేమని తాపీ మేస్త్రి సణిగాడు. నిజమే. రోజూ నడుం వంచుకోవడం కన్నా గిన్నె ఎత్తడం నయం.

డిసెంబర్ 4, లక్ష్మివారం

కడప బండ అడ్డాలు నిలబడ్డాయి. సిలిండరు గూడు లోపలి వెడల్పు పదహారు అంగుళాలు. పొయ్యికి సరిగ్గా కింద కాదు, పక్కన. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి ఆ గూటి తలుపుకి అడుగున జాలీ ఉండాలి.

పెరటి వైపు గోడకి చిన్న తలుపు కొట్టి సిలిండరు ఆగ్నేయ మూలలోకి బయట నుంచే పెట్టుకోవచ్చని మా ఆయన ఐడియా. ఇల్లంతా దొర్లించుకురావక్కర్లేదు, మూల కూడా వృథా పోదు. వినడానికి బాగుంది. కానీ ఏదైనా వాసన వస్తే పరిగెత్తి పెరట్లోకి వెళ్లి ఆపాలా? రెగ్యులేటరు వండే మనిషి చేతికందాలి. కొట్టేశాం.

మరి ఆ మూల? రెండడుగుల చదరం, చెయ్యి అందని చీకటి. దానికి తిరిగే తట్టలుంటాయి, తలుపు లాగితే మొత్తం బయటికొచ్చే స్టాండ్లుంటాయి. ఆ ఒక్క స్టాండు ఖరీదుకి మా మిగతా సొరుగులు జారే రేకు పట్టాలు, ఆ చానళ్లన్నీ వచ్చేస్తాయి. పైగా ఇక్కడి గాలికి తీగ బుట్టలు తుప్పు పడతాయి, అసలు స్టీలు 304 రకం అయితే తప్ప. ఆలోచిస్తే, అందని చోట అందక్కర్లేనివే పెడితే సరి. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి. అప్పుడు ఇచ్ఛాపురం నుంచీ సోంపేట నుంచీ చుట్టాలు దిగుతారు, అప్పుడే రెండు గుండిగలూ పెద్ద జల్లిగంటా తీస్తాం. అవి మూలలోకి. రెండేళ్లకోసారి నేల మీద బోర్లా పడుకుని తీయడానికి నాకేం అభ్యంతరం లేదు.

డిసెంబర్ 14, ఆదివారం

ఈ వారం సొరుగులు. ఆరు, రెండు నిలువు వరసల్లో. పైవి గరిటెలకి, మధ్యవి రోజూ వాడే గిన్నెలకి, అడుగువి బియ్యం డబ్బాకీ ఉల్లిపాయలకీ. తలుపున్న అర అయితే వంగి లోపలికి తొంగి చూడాలి, సొరుగైతే లోపలున్నది బయటికొస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్న ఇంట్లో అడుగున తలుపులు పెట్టడం నా దృష్టిలో తప్పు.

వడ్రంగి మొదటి పెట్టె తెచ్చి లోపలికి తోశాడు. దూరనే లేదు. గూడు ముందు వెడల్పు ఇరవై ఆరు. పక్కన బిగించే టెలిస్కోపిక్ చానల్ ఒక్కోటి అరంగుళం మందం, రెండు పక్కలకీ కలిపి అంగుళం పోవాలి. పెట్టె ఇరవై అయిదు ఉండాలి. అతను ఒకే పక్క లెక్కేసి ఇరవై అయిదున్నర చేశాడు. ఆ అరంగుళమే అయితే సరే. టేపు లోపలికి పెట్టి చూస్తే వెనక వెడల్పు ఇరవై అయిదూ ముప్పావే ఉంది. రాయి కొంచెం ఒరిగింది. తాపీ మేస్త్రిది ఒక పావు, వడ్రంగిది ఒక అర.

"ఇప్పుడెలా?" అన్నాను. "హెబొ దీదీ" అన్నాడు. ఏది అడిగినా అదే మాట, అవుతుందని. కాసేపు ఇద్దరూ నీది తప్పంటే నీదని ఒడియాలో అనుకున్నారు. తరవాత పద్ధతిగానే చేశాడు. సన్నగా ఉన్న వెనక కొలతే అసలు కొలతనుకుని పెట్టెని ఇరవై నాలుగూ ముప్పావుకి విప్పి కోశాడు. ముందు వైపు చానల్ కింద పావంగుళం ప్లై ముక్క వేసి రెండు చానళ్లనీ సమాంతరం చేశాడు. వేలితో తోస్తే గరగర లేకుండా వెళ్లింది. ఖాళీ పెట్టెతో కాదని, అయిదు కిలోల బియ్యం సంచీలు మూడు వేసి పదిసార్లు లాగి చూశాను. మిగతా అయిదు పెట్టెలూ ఇంకా కోయలేదు, అదృష్టం. ప్రతి గూడూ ముందొకసారి, వెనకొకసారి, పైనా కిందా కొలిచి రాయి మీదే పెన్సిల్‌తో రాశాం.

స్విచ్ బోర్డుల దగ్గర కూడా ఒకటి మరిచాను, గ్రైండరుకి. టైల్సు అంటించాక గుర్తొచ్చింది. ఒక టైలు పోయింది.

డిసెంబర్ 21, ఆదివారం

పాలు పొంగించాం. అత్తయ్య గిన్నె దక్షిణపు గోడ పొయ్యి మీద పెట్టి, తాను తూర్పుకి తిరిగి, మెడ మాత్రం పాల వైపు వంచి నిల్చున్నారు. పొంగే సరికి ఇద్దరం ఒకేసారి గరిట కోసం సొరుగు లాగాం.

జాడీలు సర్దడానికి గంట పట్టింది. ఏడూ పట్టాయి, ఎనిమిదో దానికి చోటు మిగిలింది, ఆవిడ దాని వైపు చూస్తున్నారు. బియ్యం సొరుగు అత్తయ్యకి నచ్చలేదు. చేటలోకి కొలవడానికి డబ్బా బయటికి తీయాల్సి వస్తోందట. రేపు డబ్బా తీసేసి, సొరుగులోనే స్టీలు తొట్టి పెట్టి చూస్తాం.

మూఢి, అంటే మరమరాల డబ్బా మాత్రం ఎక్కడా పట్టలేదు. పదిహేను కిలోల పాత నూనె డబ్బా, మూత బిగువుగా ఉంటుందని అత్తయ్య దాన్నే వాడతారు. ఈ చెమ్మలో మూత వదులైతే మూఢి సాయంత్రానికే మెత్తబడిపోతుంది. అంత కొలిచిన నేను దీన్ని కొలవలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ వంటగదిలో లేదు, మధ్యగదిలో ఆవిడ కుర్చీ పక్కన ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది.

మిగిలినవి: సిలిండరు గూటికి జాలీ తలుపు, ఫ్రిజ్జు బిజాగరీలు, గ్రైండరు పాయింటు పక్కన విరిగిన టైలు. వడ్రంగి బుధవారం వస్తానన్నాడు. ఏ బుధవారమని అడిగితే "హెబొ దీదీ" అన్నాడు.